జోలమందు

దేవుడు ఆ పురుగును మనిషి కడుపులో పెట్టింది చంపడానికా, కాయడానికా?

ఈ అనుమానం కరెప్పను ఎన్నో ఏళ్ళుగా వదలలేదు. పొద్దున్నే నీళ్ళు పోసుకుని, బీరలింగేశ్వరుడి పటానికి బండారు అద్ది, అంటే దేవుడి పసుపు అద్ది, దీపం వెలిగించి చేతులు జోడిస్తాడా, మొదట నోటికి వచ్చేది ప్రార్థన కాదు, ఈ ప్రశ్నే. ఒకసారి జాతరకు వచ్చిన, దేవుడి పాటలు పాడుతూ తిరిగే గొరవయ్యను అడిగాడు. ఆయన ఎలుగుబంటి తోలు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "పెట్టినోన్ని అడగల్ల గానీ నన్నడిగితే ఎట్ల నాయనా" అన్నాడు. ఇంకోసారి డాక్టర్ హైమవతిని అడిగాడు. "మేమూ అదే వెతుకుతున్నాం కరెప్పగారూ" అన్నదామె. ఇద్దరూ ఉన్నమాటే చెప్పారు. కానీ ఉన్నమాట విన్నంత మాత్రాన అనుమానం తీరుతుందా?

కరెప్పది కర్నూలుకు పడమట ఎర్రనేలల మధ్య ఒక కురువల ఊరు. ఏడో తరగతి దాకా చదివాడు. ఆ తర్వాత గొర్రెలే బడి, గొర్రెలే ఉద్యోగం. నెమ్మదస్తుడు. మందను తోలుకుపోయేటప్పుడు కూడా దారిలో ప్రతి గుడి ముందూ చెప్పులు విడిచేవాడు. భార్య ఉరుకుందమ్మ అందుకు పూర్తిగా ఎదురు. ఆమె నోటికి ఊళ్ళో జంకనివాళ్ళు లేరు. "నువ్వు దేవునికి మొక్కుతా ఉండు, నేను తోడేళ్ళను తిడతా ఉంటా. ఇద్దరము కలిస్తేనే మంద నిలబడేది" అనేది. పిల్లలు కలగలేదు. ఆ వెలితిని కూడా ఆమె తిట్లతోనే పూడ్చుకుంది. ప్రతి గొర్రెకూ ఒక పేరు పెట్టి, ఆ పేరుతోనే తిట్టేది.

కురువోళ్ళ ఇళ్ళలో ఒక ఆచారం ఉండేది. దేవర చేసి, అంటే ఊరి దేవతకు మొక్కు చెల్లించి, గొర్రెను కోసినప్పుడు కార్జంలో, కాలేయంలో, నీళ్ళబుడగ కనిపిస్తే ఆ ముక్క మనుషులు తినరు. అది కుక్క వాటా. రేయంతా మందను కాచే జీవానికి దేవుడే గుర్తుపెట్టి ఉంచిన ముద్ద అని పెద్దల నమ్మకం. ఇంటి యజమాని తన చేత్తో దాన్ని కుక్కకు పెట్టి, దాని తల నిమిరి, ఆ తర్వాతే విస్తరి ముందు కూర్చోవాలి. ఆ బుడగలో ఉన్నది పురుగు పిల్లలని, అవి కుక్క పేగుల్లో పెరిగి గుడ్లు పెడతాయని, ఆ గుడ్లు కుక్క ఒంటినిండా అంటుకుని ఉంటాయని, ఆ కుక్కతో ఆడిన పిల్ల చేయి కడగకుండా సంగటి ముద్ద తింటే అవి పిల్ల కడుపులోకి పోతాయని ఎవరికి తెలుసు? ఉరుకుందమ్మ పుట్టింట్లో కుక్కపిల్లల మధ్యనే పెరిగింది. చలికాలం వాటిని కరుచుకుని నిద్రపోయేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకు ఆమె కాలేయం నుంచి టెంకాయంత బుడగను కోసి తీశారు. ఈ చక్రం ఎలా తిరుగుతుందో ఆనాడు ఆసుపత్రి డాక్టరు బొమ్మ గీసి చెప్పగా కరెప్ప విన్నాడు. విని ఊరుకోలేదు. కుక్కలకు వేసే మాత్రలు సంచిలో వేసుకుని మంద మందకూ తిరిగాడు. కార్జంలో బుడగ కనిపిస్తే మొలలోతు గుంత తీసి పూడ్చండని బతిమిలాడాడు. "కుక్క నోటికాడి కూడు తీసినోడు" అని పేరుపెట్టి నవ్వారు. "మూగజీవి ఉసురు తగుల్తాది" అని ముసలివాళ్ళు శాపం పెట్టారు. అతనికీ లోపల భయమే. అయినా మానలేదు. పదేళ్ళు తిరిగాడు. చివరికి తన ఊళ్ళోనూ, ఉరుకుందమ్మ పుట్టిన ఊళ్ళోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ కుక్క వాటా ఆగిపోయింది. అతని జన్మలో అతను గెలిచిన యుద్ధం అదొక్కటే.

కానీ ఉరుకుందమ్మ కడుపులో మాత్రం ఓడిపోయాడు. బుడగలు మళ్ళీ వచ్చాయి. రెండోసారి కోశారు. మూడోసారి స్కానింగులో కాలేయమంతా ద్రాక్షగుత్తిలా కనిపించింది. ఇక కత్తి పెట్టడానికి చోటు లేదన్నారు.

*

ఆసుపత్రివాళ్ళు వాళ్ళను పంపిన డాక్టర్ హైమవతి పరిశోధనశాల కర్నూలు బయట, రైలుగేటు దాటాక ఉండేది. ఒక పక్క గొర్రెల కొట్టం, ఇంకో పక్క గాజు గదులు, నడుమ ప్రయోగశాల. లోపలికి అడుగుపెడుతూనే గొర్రె అరుపు వినిపించేసరికి కరెప్పకు సగం బెరుకు పోయింది.

ఆమె ఇద్దరినీ ఒక పెద్ద తెర ముందు కూర్చోపెట్టింది.

"ఇది నీ రక్తం ఉరుకుందమ్మా. ఈ తెల్లచుక్కలు నీ ఒంటిని కాచే కావలివాళ్ళు. ఇప్పుడు ఇందులో పురుగు పిల్లను వేస్తున్నా. చూడు."

తెర మీద తెల్లచుక్కలు ఒక్కసారి కదిలాయి. తోడేలు వాసన తగిలిన కుక్కల్లా నాలుగు దిక్కుల నుంచీ ఉరికాయి. పురుగు చుట్టూ చేరాయి. ఒకదాని మీద ఒకటి పేరుకుని చూస్తుండగానే గోడ అయ్యాయి.

"బందీ చేసినారే!" అన్నాడు కరెప్ప సంతోషం పట్టలేక.

"మేమూ ఇన్నేళ్ళు అట్లాగే అనుకున్నాం. గోడ లోపల చూడండి."

లోపల పురుగు హాయిగా ఉంది. ఉబ్బుతోంది. డాక్టరు పురుగుమందు చుక్క వేసింది. అది గోడదాకా పోయి ఆగిపోయింది.

"గోడ కట్టింది పురుగు కాదు, మనవాళ్ళే. మన కోపమే దానికి కోట. అందుకే ఏ మందూ లోపలికి పోదు."

ఉరుకుందమ్మ ముందుకు వంగి చూసింది. "అంటే మా ఇంటోళ్ళే దానికి మిద్దె కట్టిచ్చినారా? బాగుండాది. నేను మటుకు పెండ్లైనప్పటినించి వానకు కారే కొట్టంలోనే ఉండాను." అని మొగుడి వైపు తిరిగి, "విన్యావా, నా సవితికి మిద్దె!" అన్నది.

ఆ రోజు నుంచి పురుగుకు ఆ పేరే స్థిరపడింది. నర్సులు కూడా సవితి అనేవాళ్ళు.

రెండో పళ్ళెంలో డాక్టరు ముందుగా ఇంకో మందు వేసింది. మూత్రపిండం మార్చినవాళ్ళకు, ఆ కొత్త అవయవాన్ని ఒళ్ళు తరిమేయకుండా ఇచ్చే మందు ఒకటి ఉంటుందట. దాన్నే తీసుకుని పదింతలు పదును పెట్టారు. దానికి ఏదో అంకె పేరుంది గానీ అక్కడివాళ్ళు జోలమందు అనేవారు. అది పడగానే తెల్లచుక్కలు దారి మధ్యలోనే నెమ్మదించాయి. కడుపు నిండిన కుక్కల్లా ఎక్కడివక్కడ ఒరిగాయి. గోడ లేదు. పురుగు ఒంటరిగా, నగ్నంగా మిగిలింది. అప్పుడు పురుగుమందు చుక్క పడితే ఉప్పు పడ్డ జలగలా ముడుచుకుపోయింది.

కరెప్ప రెండు చేతులూ ఎత్తి తెరకు దణ్ణం పెట్టాడు.

"ఇందులో ఒక కష్టం ఉంది," అన్నది హైమవతి. "కావలి నిద్రపోయిన ఇంట్లోకి ఎవరైనా రావచ్చు. చిన్న జలుబు కూడా ప్రాణం తీస్తుంది. పురుగు పూర్తిగా పోయేదాకా నువ్వు గాజు గదిలో ఉండాలి. ఎవరూ ముట్టుకోకూడదు. పూలు, పచ్చి కాయలు, బయటి అన్నం, ఉన్ని, విభూతి, పసుపు, ఏదీ లోపలికి రాదు."

"బండారు గూడ రాదా మేడమ్?" అన్నాడు కరెప్ప.

"మీ దేవుడి మీద అనుమానం కాదు కరెప్పగారూ. ఆ పొడిలో కంటికి కనిపించని బూజు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఏమీ కాదు. ఈమెకు..."

కరెప్ప అంగీ జేబులోని బండారు పొట్లాన్ని తడుముకున్నాడు.

*

మందను తమ్ముడు తిక్కన్నకు అప్పగించి కరెప్ప అక్కడే ఉండిపోయాడు. కొట్టంలో గొర్రెలకు మేత వేసే పని ఇచ్చారు. రోజూ సాయంత్రం ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసి, వాళ్ళిచ్చిన తెల్లబట్టలు తొడుక్కుని గాజు దగ్గరికి పోయేవాడు. లోపలి మాట బయటికి, బయటి మాట లోపలికి ఒక చిన్న పెట్టెలోంచి వినిపించేది.

"పెండ్లిలో గూడ ఇంత శుభ్రంగా లేవు గదయ్యా నువ్వు," అనేది ఆమె. "అద్దం ఇవతల నిలబెడితే ఎవురో ఆఫీసరనుకుంటారు."

"ఎట్లుండాది?"

"ఎవురు, నేనా, నా సవితా?"

"సవితే."

"కరుగుతాందంట. పాపము." ఒక్కక్షణం ఆగింది. "ఏమన్నా అను, ముప్పై ఏండ్లు నాతోనే ఉండాది. ఒక పూటన్నా నన్నిడిచి పోలే. నువ్వైతే మేపుకు పోతే నెలకొకసారి గదా మొగం చూపించేది."

అతను నవ్వలేక నవ్వేవాడు. పోయేముందు అంగీ జేబులోంచి బండారు పొట్లం తీసి, గాజుకు బయటి వైపు, ఆమె నొసలు ఎత్తున వేలితో ఒక బొట్టు పెట్టేవాడు. ఆమె లోపలి వైపు నుంచి వంగి ఆ బొట్టుకు నుదురు ఆనించేది. దేవుడి మాటకొస్తే ఎగతాళి చేసే మనిషి దీన్ని మాత్రం ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. పొద్దున్నే ఊడ్చేవాళ్ళు గాజు తుడిచేసేవారు. సాయంత్రం అతను మళ్ళీ పెట్టేవాడు.

వానలు తగ్గేసరికి తెర మీద ద్రాక్షగుత్తి ఒక్కో పండూ రాలిన తీగలా అయింది. ఆపైన తీగ కూడా లేదు. డాక్టర్ హైమవతి మిఠాయి పంచింది. పదిహేనేళ్ళ ఆమె కష్టం ఫలించింది. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి ఉరుకుందమ్మను గాజులోంచి చూసి పోయారు. "జాతరలో రెండు తలల దూడను చూసినట్లు చూస్తారు," అని ఆమె విసుక్కుంది. ఆ విసుగులోనూ ఉత్సాహమే. జోలమందు కొంచెం కొంచెంగా తగ్గించడం మొదలుపెట్టారు. కావలివాళ్ళు మేలుకోగానే ఇంటికి పోవచ్చు. మందలో గొర్రెల ఈతలు మొదలయ్యేలోగా ఊళ్ళో ఉండాలని ఆమె పంతం.

*

ఒకనాడు మధ్యాహ్నం హైమవతి ఒక్కతే కొట్టంలోకి వచ్చింది. చేతిలో ఏమీ లేదు. మామూలుగా ఏదో ఒకటి చేతిలో లేకుండా ఆమె నడవదు.

"ఆ మూలనున్న గొర్రెను ఒకసారి చూడండి."

అది ఉరుకుందమ్మ కంటే రెండు నెలలు ముందు జోలమందు తిన్న గొర్రె. పురుగు పోయింది, మందు ఆపేశారు, బాగా మేస్తోంది అనుకున్నారు. ఇవాళ మేత ముందు నిలబడి నోరు పెట్టడం లేదు. కరెప్ప అలవాటుగా దాని కింది కనురెప్ప లాగి చూశాడు. లోపల పచ్చగా ఉంది.

"కామెర్లు," అన్నాడు.

"నిన్న ఒకటి చచ్చిపోయింది. కోసి చూశాం. పురుగు లేదు. కాలేయమూ లేదు. వట్టి పీచు." ఆమె గోడకు ఆనుకుంది. "కావలివాళ్ళు మేలుకున్నారు కరెప్పగారూ. లేచి చూస్తే శత్రువు లేడు. ఇన్నేళ్ళూ ఆ పురుగు ఒక రసం వదులుతూ వాళ్ళ కోపానికి కళ్ళెం వేసి పెట్టింది. గోడ వరకు కట్టనిచ్చింది, అంతకు మించి రెచ్చిపోనివ్వలేదు. తన కోసమే వేసుకుంది ఆ కళ్ళెం. కానీ దాని వల్లే ఒళ్ళూ నిలబడింది. ఇప్పుడు కళ్ళెం లేదు. కాస్తున్న ఇంటినే పీకుతున్నారు."

కరెప్పకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక గొర్రె మెడ మీద వేసిన చేయి తీయలేకపోయాడు.

"మా యామెకు గూడనా?"

"నిన్నటి రక్తంలో మొదలైనట్టు కనిపించింది. మళ్ళీ మందు పెంచాం. ఆగింది."

"మీరు తప్పు చేసినారా మేడమ్?" కోపంగా కాదు, తెలుసుకుందామని అడిగాడు.

"నాకు తెలియలేదు. తెలియకపోవడం తప్పయితే, చేశాను."

ఆ రసం మీరే చేయరాదా అని అడిగాడు. చేయాలని మొదలుపెట్టాం, ఏళ్ళు పడుతుంది అన్నది. తర్వాత కొట్టం అవతలి చివర మేస్తున్న ఇంకో గొర్రెను చూపించింది. దానికీ కామెర్లు వచ్చాయట. దాని మందలోనే పుట్టిన పురుగును, గోరంత బుడగను, తిరిగి దాని ఒంట్లో పెట్టారు. కావలివాళ్ళు శాంతించారు. ఇప్పుడు ఎగబడి మేస్తోంది.

"ఉరుకుందమ్మ పెరిగిన చోటి పురుగు కావాలి. మా దగ్గరున్న వేరే పురుగులను ఆమె రక్తంలో వేసి చూశాం. లెక్కచేయడం లేదు. ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్నే గుర్తుపడతారు వాళ్ళు. ఒక్క బుడగ చాలు కరెప్పగారూ. ఎక్కడైనా ఒక గొర్రె కార్జంలో."

గాజు అవతల ఈ సంగతి విని ఉరుకుందమ్మ పడీ పడీ నవ్వింది. "తరిమిన సవితిని బతిమిలాడి పిల్చకరావల్లనా? పో, పో. పసుపూ కుంకుమా పెట్టి తోలుకరా. ఈసారి నేనే దానికి మిద్దె కట్టిస్తా."

నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "బిరీన రా," అన్నది మెల్లగా.

*

అది దేవరల కాలం. కరెప్ప ఊరూరా తిరిగాడు. ఎక్కడ గొర్రె తెగుతుందంటే అక్కడికి పోయి, ప్లాస్టిక్ డబ్బా చేతిలో పట్టుకుని వరుసలో నిలబడ్డాడు.

"కరెప్పన్నా, మా దాంట్లో బుడగ ల్యాదన్నా," అని సంబరంగా కార్జం ఎత్తి చూపేవాళ్ళు జనం. "నువ్వు చెప్పినట్లే చేసినాము. మూడేండ్లాయ ఒకటన్నా కనపడి."

"ముసలి గొర్రె ఏదన్నా..."

"ముసలివన్నీ కోసేసి పూడిస్తిమి గదన్నా. నువ్వే గదా దగ్గరుండి పూడిపిస్తివి!"

పుణ్యం చేశావని భుజం తట్టేవాళ్ళు. ఒకప్పుడు శాపాలు పెట్టిన ముసలివాళ్ళు కూడా ఇప్పుడు పిలిచి మజ్జిగ ఇచ్చేవాళ్ళు. అతను తాగి, ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని, ఇంకో ఊరి దారి పట్టేవాడు.

బీరలింగడి గుడి ముందు నిలబడి నోరు విప్పబోయి సిగ్గుపడ్డాడు. పదేళ్ళు ఇదే గడప మీద "స్వామీ, ఈ బుడగ ఏ ఇంటా కనపడకూడదు" అని మొక్కినవాడు. స్వామి విన్నాడు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడగడం? అయినా అడిగాడు. "ఒక్కటి, స్వామీ. ఒక్కటే."

ఆఖరికి ఉరుకుందమ్మ మేనమామ సోమలింగప్ప దగ్గరికి పోయాడు. ఆమె పెరిగింది ఆయన మందలోనే. ముసలాయనకు చూపు మందగించింది గానీ అడుగుల చప్పుడుతోనే మనిషిని పోల్చుకునేవాడు. కురువోళ్ళ ఇళ్ళలో ఒక రివాజు ఉంది: పెళ్ళికొడుకు పిల్ల మేనమామకు తన మంద ఉన్నితో నేయించిన గొంగడి కప్పాలి. కరెప్ప పెళ్ళినాడు కరువు. గొర్రెల ఒంటి మీద ఉన్ని లేదు. తర్వాత కప్పుతాలే అన్నాడు. ఆ తర్వాత ఆసుపత్రులు. కలిసిన ప్రతిసారీ ముసలాయన, "ఏం అల్లుడా, నాకు చలేస్తాంది, నా గొంగడి యాడ?" అని పదిమందిలో పరువు తీసేవాడు. అదొక సరదా ఆయనకు.

ఆ పొద్దు కరెప్ప వచ్చిన పని చెప్పాడు. సోమలింగప్ప విని లేచాడు. మందలో మిగిలిన ఒకే ఒక్క ముసలి గొర్రెను కోయించాడు. తడిమి తడిమి తన వేళ్ళతోనే చూశాడు. కార్జం నున్నగా, శుభ్రంగా, పెళ్ళిపీటలా ఉంది.

"ఇట్లని తెలిసింటే ఒకదాన్నన్నా దాచిపెట్టింటి గదరా," అన్నాడు ముసలాయన.

కరెప్ప లేచి వచ్చేస్తుంటే ఊరి పొలిమేర దాకా చేయి పట్టుకుని వచ్చాడు. గొంగడి మాట ఎత్తలేదు.

*

"దొరకల్యా?" అన్నది ఉరుకుందమ్మ అతని మొహం చూడగానే.

"ల్యా."

"మామ దగ్గరికి పోతివా?"

"పోతి."

"గొంగడి అడిగినాడా?"

కరెప్ప తల అడ్డంగా ఊపాడు.

ఆమె గాజుకు చేయి ఆనించి అలాగే నిలబడింది. "మామ అడగల్యా అంటే నా పని ఐపోయిందని ఆయనకు తెలిసిపోయినట్లే."

హైమవతి ఏదీ దాచలేదు. జోలమందు మానకుండా గాజు గదిలో ఉంటే బతకవచ్చు, ఎన్నేళ్ళైనా. ఆ రసం తయారయ్యే దాకా ఆగవచ్చు. అది ఎప్పుడంటే చెప్పలేను. మందు మానితే నెలలు.

"ఈ గాజులోనే ముసల్దాన్ని కావల్లనా?" అన్నది ఉరుకుందమ్మ.

"కావచ్చు."

ఆమె మొగుడి వైపు చూసింది. జీవితంలో మొదటిసారి అతని అనుమతి అడుగుతున్నట్టు చూసింది.

"ఏమయ్యా. గొర్రెను నాలుగు నాళ్ళు కట్టేసి మేపితేనే అది గొర్రెగా ఉండదు. నన్ను ఇంటికి తోలుకపో. నీ చెయ్యి తగిలి ఎన్నాళ్ళాయ చెప్పు?"

ఉండు, ఇంకొన్నాళ్ళు ఉండు, దేవుడు చూడకపోతాడా అని అతని గొంతుదాకా వచ్చింది. అని ఉంటే ఆమె ఉండేదే. ఆ సంగతి అతనికి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. కానీ గాజు మీద ఆనిన ఆ అరచెయ్యి రేఖలు కనిపిస్తున్నాయి. "సరే మే. పోదాం పా," అన్నాడు.

జోలమందు ఆపి తలుపు తీశాక ఆమె మొదట చేసిన పని అతని అంగీ జేబులో చేయి పెట్టి బండారు పొట్లం లాక్కోవడం. నొసటి నిండా పూసుకుంది. "ఎన్నాళ్ళు అద్దానికి పెడతావు, ఇంగ నాకు పెట్టు," అన్నది. హైమవతి మొహం పక్కకు తిప్పుకుంది.

*

ఇంటికి వచ్చేసరికి ఈతలు మొదలయ్యాయి. పుట్టిన పిల్లనల్లా ఒళ్ళో పెట్టుకుని పేరు పెట్టింది, తిట్టింది. కొద్దిరోజులకు కళ్ళు పచ్చబడ్డాయి. అయినా ఊరికే కూర్చోలేదు. కత్తెర పడిన ఉన్ని దగ్గరకు లాక్కుని, ఏకి, చేతి కదురుతో వడకడం మొదలుపెట్టింది.

"పడుకోరాదా మే."

"నా ఒంట్లో కావలోళ్ళు పడుకుంటాండారా, నేను పడుకునేదానికి?" అనేది. "మామకు బాకీ ఉండాము. నువ్వు కప్పినావా, ల్యా. పెండ్లికొడుకంటే పెండ్లికొడుకే! ఆయప్ప చలికి సస్తే నా ఉసురు నీకు తగుల్తాది."

కరెప్ప పక్కనే కూర్చుని ఉన్నిలోని ముళ్ళు ఏరిచ్చేవాడు. సాయంత్రాలు ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పట్టేవాడు. హైమవతి రెండుసార్లు వచ్చి బాధ తగ్గే మందు ఇచ్చి, కాసేపు కొట్టంలో కింద కూర్చుని పోయింది. ఉరుకుందమ్మ ఆమెకు కదురు తిప్పడం నేర్పాలని చూసి, "ఇంత సదివినావు, దారం తెగకుండా తియ్యలేవే" అని వేళాకోళం చేసింది.

ఒక మధ్యాహ్నం మంద నీళ్ళకు పోయింది. కరెప్ప తొట్టి దగ్గర ఉన్నాడు. తిరిగి వచ్చేసరికి ఆమె గుంజకు ఆనుకుని ఉంది. కదురు ఒళ్ళోకి జారింది. దారం తెగలేదు.

*

ఆ ఉన్ని ఉండలను కరెప్ప మూటగట్టి దూలానికి వేలాడదీశాడు. నేతగాడికి ఇవ్వాలని ప్రతి ఏడూ అనుకున్నాడు. మూట విప్పాలంటే చేతులు రాలేదు. ఆమె వేళ్ళ పట్టు ఇంకా ఆ దారంలో ఉంది. మగ్గమెక్కితే చింతగింజల గంజి పడుతుంది, బిగుసుకుంటుంది, ఎవరిదో గొంగడి అవుతుంది.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు హైమవతి కారు వచ్చి ఇంటి ముందు ఆగింది. జుట్టంతా నెరిసింది. కింద కూర్చుని మంచినీళ్ళు తాగి చెప్పింది: రసం తయారైంది. పురుగు అక్కర్లేకుండానే కావలివాళ్ళను నెమ్మదింపజేసే రసం. పత్తికొండ వైపు ఒక కాపరి మొదట జోలమందు, తర్వాత ఈ రసం తీసుకుని గాజు గదిలోంచి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. ఏడాదయింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ రసం రహస్యం ఉరుకుందమ్మ రక్తంలోనే దొరికింది.

"మంచిదాయ మేడమ్," అన్నాడు కరెప్ప. నిజంగానే సంతోషించాడు. తర్వాత అడిగాడు. "ఆ యప్ప గాజులో ఎన్నేండ్లుండినాడు?"

"మూడు."

ఉరుకుందమ్మ గాజు గదిలోనే ఉండి ఉంటే ఎన్నేళ్ళు ఆగవలసి వచ్చేదో ఇద్దరూ లోపల్లోపలే లెక్కపెట్టుకున్నారు. దేవుడు పురుగును కాయడానికే పెట్టాడా, చంపడానికే పెట్టాడా అని హైమవతిని అడిగింది ఆ పూటే. ఆమె చెప్పిన జవాబు మొదట్లోనే రాశాను.

కారు వెళ్ళిపోయాక నిచ్చెన వేసుకుని మూట కిందికి దించాడు.

నేతగాడు ఉండలు చూసి పెదవి విరిచాడు. "కొంచెం తక్కువుంది కరెప్పా. ఇంకో రెండు ఉండలు కలపల్ల."

"కలపొద్దు," అన్నాడు కరెప్ప. "ఉన్నదే నెయ్యి."

గొంగడి భుజాన వేసుకుని సోమలింగప్ప ఊరికి పోయేసరికి ఎండలు ముదిరాయి. ముసలాయన ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది. అడుగుల చప్పుడు విని తల ఎత్తాడు గానీ ఏమీ అడగలేదు. ఆమె పోయినప్పటి నుంచి ఆయన గొంగడి మాట మళ్ళీ అడగలేదు.

కరెప్ప చెప్పులు విడిచి, వంగి, గొంగడి ఆయన భుజాల మీదుగా కప్పాడు.

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. చేతులతో అంచు వెంబడి తడిమాడు. దారాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు. చిన్నప్పుడు ఆ పిల్లకు కదురు పట్టడం నేర్పింది ఆయనే.

"సన్నగా వడికినాది," అన్నాడు చివరికి.

"ఊఁ."

"పొట్టిగుండాది."

"నువ్వు గూడ పొట్టిగైతివి గదా మామా."

"కానీలే." గొంతు సవరించుకున్నాడు. "తీరిపాయె అల్లుడా. నీ బాకీ తీరిపాయె."

వీధిలో పోయేవాళ్ళు ఆగి, ఈ ఎండలో ఇదేం చోద్యమని చూశారు. కోడలు వచ్చి ఉక్కపోస్తుంది తీయమని చెప్పింది. ముసలాయన నొసటి నుంచి చెమట కారుతోంది. రెండు అంచులనూ గుండెల మీద గట్టిగా దగ్గరకు లాక్కుని, ఎవరెంత చెప్పినా ఆ పొద్దు గొంగడి తీయలేదు.